ఘనా ప్రయాణం: ప్రభుత్వ హెచ్చరికలను ఊరు, వేళ, పని చూసి చదవడం ఎలా

2025 జులై 1న మాలీ దేశంలోని కాయెస్‌లో ఒక సిమెంటు కర్మాగారం మీద సాయుధులు దాడి చేసి ముగ్గురు భారతీయులను అపహరించుకుపోయారు. ఆ వార్త తెలిసిన సాయంత్రం ఘనాలోని టెమాలో మా ఇంట్లో ఉన్న నలుగురి ఫోన్లూ వరుసగా మోగాయి. "ఉద్యోగం పోతే పోయింది, వచ్చేయండి" అని ఇళ్ల నుంచి ఒకటే పోరు. కాయెస్ నుంచి టెమాకు పటం మీద గీత గీసి కొలిచినా సుమారు 1600 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఉన్న దూరం కంటే ఎక్కువే. ఆ రాత్రే మా ఐదో మిత్రుడు కుమాసీ నుంచి ఒంటరిగా కారు నడుపుకుంటూ పదకొండు గంటలకు ఇల్లు చేరాడు. ఆ ప్రయాణం గురించి మాత్రం ఎవరూ ఒక్క మాట అడగలేదు. ఆ వారం మొత్తంలో మాలో ఎవరి ప్రాణమైనా నిజంగా ప్రమాదంలో పడి ఉంటే, అది ఆ రోడ్డు మీదే.

ప్రభుత్వాల ప్రయాణ హెచ్చరికలను సరిగా చదివితే ఈ తేడా కనబడుతుంది. పని మీద గానీ, చుట్టపుచూపుగా గానీ, చూడ్డానికి గానీ ఘనా వెళ్లే తెలుగువారి కోసం నేను పాటించిన వరుసలోనే ఇది రాస్తున్నాను. ప్రయాణానికి రెండు నెలల ముందు మొదలుపెడితే ఏదీ హడావుడి కాదు.

మొదట: ఎవరి హెచ్చరిక చదవాలి?

మన విదేశాంగ శాఖ ప్రతి దేశానికీ ఎప్పటికప్పుడు మార్చే పెద్ద పత్రం పెట్టదు. ఏదైనా జరిగినప్పుడు శాఖ నుంచి గానీ, అక్కడి రాయబార కార్యాలయం నుంచి గానీ ప్రకటన వస్తుంది. ఘనా, మనం రెండూ కామన్వెల్త్ దేశాలు కాబట్టి ఘనా రాజధాని అక్రాలోని మన రాయబార కార్యాలయాన్ని హైకమిషన్ అంటారు. దాని వెబ్‌సైటు, సామాజిక మాధ్యమ ఖాతాలు ముందుగా చూడండి.

వివరం కావాలంటే అమెరికా, బ్రిటన్, కెనడా ప్రభుత్వాల పత్రాలు చదవాల్సిందే. అవి వాళ్ల పౌరుల కోసం రాసుకున్నవి. అందులోని వీసా నిబంధనలు మనకు వర్తించవు. నేరాలు, రోడ్లు, రోగాలు, సముద్రం గురించి చెప్పినవి మాత్రం పాస్‌పోర్టు రంగు చూసి మారవు.

అమెరికా పద్ధతిలో నాలుగు మెట్లు ఉంటాయి: మామూలు జాగ్రత్త, అదనపు జాగ్రత్త, వెళ్లాలా వద్దా మళ్లీ ఆలోచించండి, వెళ్లవద్దు. ఘనా చాలా కాలంగా రెండో మెట్టు మీద ఉంది. ఉత్తరాన ఆనుకుని ఉన్న బుర్కినా ఫాసో, దానికి ఆవల ఉన్న మాలీ నాలుగో మెట్టు మీద ఉన్నాయి. బ్రిటన్ అంకెలు వేయదు. పటానికి రంగులు వేసి, ఏ ప్రాంతానికి అసలు వెళ్లవద్దో, ఏ ప్రాంతానికి తప్పనిసరి పని ఉంటేనే వెళ్లాలో చెబుతుంది. నాకు బ్రిటన్ పద్ధతే నచ్చుతుంది, ఎందుకంటే పైన పెద్దగా కనిపించే అంకె దేశమంతటికీ ఒకటే, మనం ఉండేది ఒక ఊళ్లో.

చదివేటప్పుడు మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకోండి. ఏ ఊరు? ఏ వేళ? ఏ పని మీద? పత్రంలోని ప్రతి వాక్యాన్నీ ఈ మూడింటికీ తగిలించి చూడండి, తగలనిదాన్ని కొట్టేయండి. చివరికి ఒక పేజీకి మించి మిగలదు. ఆ పేజీనే వెంట తీసుకెళ్లండి. పత్రం చివరిసారి ఎప్పుడు మారిందో, ఏం మారిందో పైనే ఉంటుంది. టికెట్టు కొనేముందు ఒకసారి, బయలుదేరే వారం మరోసారి చూడటం మరవద్దు.

ఉత్తరం వేరు, దక్షిణం వేరు

ఘనా విస్తీర్ణం సుమారు 2,38,500 చదరపు కిలోమీటర్లు. మన రెండు తెలుగు రాష్ట్రాలనూ కలిపితే వచ్చేదానికంటే కాస్త తక్కువ. అక్రా, టెమా, కేప్ కోస్ట్, టకొరాడీ అన్నీ దక్షిణ తీరాన ఉన్నాయి. కుమాసీ మధ్యలో, టమాలే ఉత్తరాన. మనవాళ్ల ఉద్యోగాలు, వ్యాపారాలు చాలావరకు అక్రా, టెమా, కుమాసీల చుట్టూనే.

హెచ్చరికల్లో మళ్లీ మళ్లీ కనిపించే పేరు బావ్కు. దేశానికి ఈశాన్య మూలన, అప్పర్ ఈస్ట్ ప్రాంతంలో, బుర్కినా ఫాసో సరిహద్దుకు దగ్గరగా ఉన్న పట్టణం. అక్కడ కుసాసి, మాంప్రుసి వర్గాల మధ్య సంప్రదాయ నాయకత్వం ఎవరిదనే తగవు దశాబ్దాలుగా ఉంది. 2021 నవంబరు నుంచి అది మళ్లీ నెత్తురోడుతోంది. కర్ఫ్యూ వేళలను అక్కడి హోం శాఖ ఎప్పటికప్పుడు మారుస్తూ ఉంటుంది. ఈ తగవులో విదేశీయుల మీద ఎవరికీ పగ లేదు, కానీ తూటా పాస్‌పోర్టు అడగదు. సౌర విద్యుత్తు, బోరుబావులు, రోడ్ల పనుల మీద అటు పంపుతామని కంపెనీ అంటే, రాతపూర్వకంగా రెండు విషయాలు అడగండి: బస ఏ ఊళ్లో, రోజువారీ ప్రయాణం ఏ రోడ్డు మీద. ఆ ప్రాంతపు ముఖ్య పట్టణం బోల్గటాంగాలో ఉండి పగలు పని చేసుకుని రావడానికీ, బావ్కులో ఉండటానికీ చాలా తేడా ఉంది.

బుర్కినా ఫాసో సరిహద్దు వెంబడి పల్లెల్లోకి సరదాగా వెళ్లవద్దు. అవతలి వైపు ఎక్కువ భాగం ప్రభుత్వం చేతిలో లేదు. ఏనుగుల కోసం మోలే జాతీయ పార్కుకు వెళ్లాలనుకుంటే అది సవానా ప్రాంతంలో, సరిహద్దుకు దూరంగా ఉంది. చాలామంది వెళ్లి వస్తారు. అయినా బయలుదేరే వారంలో ఆ దారి పరిస్థితి అడిగి తెలుసుకోవడం మేలు.

కాగితాలు

భారతీయులకు వీసా కావాలి. ఢిల్లీలోని ఘనా హైకమిషన్ ఇస్తుంది. చాలామంది పొరపడే చోటు ఒకటుంది. వీసా మీద ఉన్న గడువు వేరు, అక్రా విమానాశ్రయంలో అధికారి ముద్ర వేసి రాసే రోజుల సంఖ్య వేరు. వీసా మూడు నెలలకు ఉన్నా ముద్రలో 30 రోజులే రాయవచ్చు. కౌంటరు దగ్గర నుంచి కదలకముందే ఆ అంకె చూసుకోండి, చాలకపోతే అక్కడే మర్యాదగా అడగండి. గడువు దాటితే ఇమిగ్రేషన్ కార్యాలయంలో జరిమానా కట్టాలి.

ఉద్యోగానికి వెళ్లేవారికి ఒక మాట. పదో తరగతి పాసవని వారి పాస్‌పోర్టులపై ప్రభుత్వ అనుమతి తప్పనిసరి చేసిన 18 దేశాల జాబితాలో ఘనా లేదు. అంటే గల్ఫ్‌కు వెళ్లేటప్పుడు జరిగే ప్రభుత్వ తనిఖీ ఇక్కడ జరగదు, మనల్ని మనమే తనిఖీ చేసుకోవాలి. ఏజెంటు పేరు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులోని గుర్తింపు పొందిన ఏజెంట్ల జాబితాలో ఉందేమో చూడండి. "ముందు టూరిస్టు వీసా మీద రండి, తర్వాత మారుస్తాం" అనేవారి మాట నమ్మవద్దు. చేరాక పాస్‌పోర్టును కంపెనీ బీరువాలో పెట్టనివ్వకండి. రోడ్డు మీద గుర్తింపు అడుగుతారు కాబట్టి నకలు జేబులో, అసలు ఇంట్లో తాళం వేసి ఉండాలి.

ప్రయాణ బీమా తీసుకుంటే పాలసీలో రెండు చోట్ల వేలు పెట్టి చదవండి. చికిత్స కోసం వేరే దేశానికి తరలించే ఖర్చు ఇస్తారా? ప్రభుత్వ హెచ్చరిక ఉన్న ప్రాంతంలో జరిగినదానికి ఇవ్వమంటారా? అక్రాలోని పెద్ద ఆసుపత్రుల్లోనూ ముందుగా డబ్బు కట్టమనవచ్చు, కాబట్టి పని చేసే కార్డు దగ్గర ఉండాలి.

టీకా ఒకటి తప్పదు, దోమను తక్కువగా చూడవద్దు

ఎల్లో ఫీవర్ టీకా పత్రం లేకుండా ఘనాలోకి రానివ్వరు. తొమ్మిది నెలలు దాటిన పిల్లలకు కూడా కావాలి. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే పత్రం చెల్లుతుంది కాబట్టి ప్రయాణానికి ముందురోజు పరుగెత్తితే లాభం లేదు. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చాలునని 2016 నుంచి నిబంధన. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో, విశాఖలో పోర్టు ఆరోగ్య సంస్థలో వేస్తారు. ఏ రోజుల్లో వేస్తారో, నిల్వ ఉందో లేదో ముందే కనుక్కోండి. అరవై దాటినవారు, గుడ్డు పడనివారు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారు ముందుగా డాక్టరును కలవాలి. ఈ పత్రం తిరుగు ప్రయాణానికీ కావాలి. అది లేకుండా వచ్చినవారిని మన విమానాశ్రయాల్లో ఆరు రోజుల వరకు విడిగా ఉంచే అధికారం మన ప్రభుత్వానికి ఉంది.

మలేరియా దగ్గరికి వద్దాం. మనవాళ్లు ఎక్కువగా దెబ్బ తినేది ఇక్కడే. "చిన్నప్పుడు మాకూ వచ్చిందిలే" అనే ధీమా పనికిరాదు. చిన్నప్పటి జ్వరం ఇప్పుడు రక్షణ ఇవ్వదు. ఘనాలో ఎక్కువగా ఉన్నది ఫాల్సిపారం రకం, చికిత్స ఆలస్యమైతే రోజుల్లోనే మెదడుకు, మూత్రపిండాలకు చేటు చేస్తుంది. పాత క్లోరోక్విన్ దాని మీద పనిచేయదు. నివారణకు మూడు మందులు వాడుకలో ఉన్నాయి. ఆటోవాక్వోన్-ప్రోగ్వానిల్‌ను ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగి వచ్చాక ఏడు రోజులు రోజూ వేసుకోవాలి. డాక్సీసైక్లిన్ కూడా రోజువారీదే, కానీ వచ్చాక నాలుగు వారాలు కొనసాగించాలి. మెఫ్లోక్విన్ వారానికి ఒకటి, కనీసం రెండు వారాల ముందు మొదలుపెట్టాలి. మానసిక సమస్యలు, మూర్ఛ ఉన్నవారికి అది సరిపడదు. మీకు ఏది తగునో డాక్టరే తేల్చాలి.

మూడు వారాల ప్రయాణానికి మాత్రలు సరే, రెండేళ్ల ఉద్యోగానికి ఎవరూ రోజూ మింగరు. నేనూ మింగలేదు. అలాంటప్పుడు చేయాల్సింది ఇదీ: మందు పట్టించిన దోమతెర కింద పడుకోవడం, సాయంత్రం ఆరు నుంచి నిండు చేతుల చొక్కా, డీట్ అనే దోమల మందు ఉన్న పూత, జ్వరం వచ్చిన రోజే రక్త పరీక్ష. ఆ రోజే అన్నది గట్టిగా పట్టుకోండి. పారాసిటమాల్ వేసుకుని "మూడు రోజులు చూద్దాం" అనే మన ఇంటి అలవాటును విమానం ఎక్కేముందే వదిలేయాలి.

ఉత్తర ప్రాంతాలకు డిసెంబరు నుంచి జూన్ లోపు వెళ్లేవారు మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) టీకా గురించి కూడా అడగాలి. మెనింజైటిస్ తరచుగా వచ్చే ఆఫ్రికా పట్టీలో ఆ భాగం ఉంది. నవంబరు నుంచి మార్చి వరకు సహారా నుంచి హర్మటాన్ అనే పొడి గాలి దుమ్ముతో వీస్తుంది. ఆస్తమా ఉన్నవారు ఇన్‌హేలర్లు రెండు పెట్టుకోండి.

మందులన్నీ వాటి అసలు పట్టీల్లోనే, డాక్టరు చీటీతో ఉండాలి. ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు పశ్చిమాఫ్రికాలో పెద్ద వ్యసనంగా మారాయి. టాపెంటడాల్, కారిసోప్రొడాల్ కలిపిన మాత్రల ఎగుమతిని 2025 ఫిబ్రవరిలో మన ప్రభుత్వమే నిలిపివేసింది. మిత్రుడి నడుం నొప్పికని ఎవరో ఇచ్చిన పొట్లాన్ని మీ సంచిలో వేసుకోవద్దు.

దిగిన రోజు

అక్రా విమానాశ్రయం బయట సామాను అందుకోవడానికి చాలా చేతులు వస్తాయి. మీ పేరు, కంపెనీ పేరు, వాహనం నంబరు ముందుగా మాట్లాడుకున్న మనిషితోనే వెళ్లండి. లేకపోతే యాప్ కారు పిలుచుకోవచ్చు, అక్రాలో ఊబర్, బోల్ట్ రెండూ నడుస్తాయి. డబ్బు బ్యాంకులో గానీ, లైసెన్సు ఉన్న ఫారెక్స్ దుకాణంలో గానీ మార్చుకోండి. వీధిలో మార్చడం చట్టవిరుద్ధం.

చేరిన వారంలోనే హైకమిషన్ దగ్గర మీ పేరు, చిరునామా, భారత్‌లో ఉన్న ఒక బంధువు ఫోను నంబరు నమోదు చేయించండి. మేం అయిదుగురం ఈ పని మాలీ వార్త విన్న మర్నాడు చేశాం. వచ్చిన ఏడాదికి! ఏ గొడవ జరిగినా వాళ్లు ముందుగా వెతికేది ఆ జాబితానే.

ఊరటనిచ్చే సంగతులూ ఉన్నాయి. మన గుండ్రటి మూడు పిన్నుల ప్లగ్గు కొన్ని చోట్ల సరిపోతుంది. గడియారం మనకంటే ఐదున్నర గంటలు వెనక. ఇంగ్లిషు అధికార భాష. ఎడమ చేత్తో ఇవ్వడం, పుచ్చుకోవడం అమర్యాద అని అక్కడి పెద్దలు కూడా మన అమ్మమ్మల్లాగే అంటారు.

రోడ్డు

అన్ని దేశాల పత్రాలూ ఒకే మాట చెప్పే చోటు ఇది: చీకటి పడ్డాక ఊళ్ల మధ్య ప్రయాణం వద్దు. రోడ్డు పక్క ఆపిన లారీకి దీపాలుండవు, గుంతలు కనబడవు, మనుషులు, మేకలు అడ్డం వస్తారు. ఒంటరి రోడ్లపై దారి దోపిడీలు జరిగేదీ ఎక్కువగా రాత్రే. అక్రా నుంచి కుమాసీ సుమారు 250 కిలోమీటర్లు. పటంలో నాలుగు గంటలు అనిపిస్తుంది, లారీల వెనక పడితే ఆరు గంటలు. తెల్లవారుజామున బయలుదేరండి. పని ఆలస్యమైతే అక్కడే ఒక రాత్రి గది తీసుకోండి. కంపెనీ ఒప్పుకోకపోతే సొంత డబ్బుతోనైనా తీసుకోండి.

ఘనా 1974 ఆగస్టు 4న ఎడమ నుంచి కుడికి మారింది. బండ్లు కుడి పక్కన నడుస్తాయి. కారు నడపనివారికీ ఇది ముఖ్యమే, ఎందుకంటే రోడ్డు దాటేటప్పుడు మన మెడ అలవాటుగా కుడివైపు తిరుగుతుంది, బండి ఎడమ నుంచి వస్తుంది. మొదటి రెండు వారాలు ఇటూ అటూ రెండుసార్లు చూడండి.

ట్రో-ట్రో అనే చిన్న బస్సులు చవక, సరదా. పగలు ఊళ్లో తిరగడానికి నేను వాడాను, ఊరు దాటి మాత్రం వాడలేదు. అక్రాలో క్వామే ఎన్‌క్రూమా సర్కిల్ దగ్గర కారు కిటికీ దించి ఫోను మాట్లాడవద్దు, మోటారు సైకిలు మీద వచ్చి లాక్కుపోతారు. వానల్లో అదే చోటు మునుగుతుంది. 2015 జూన్ 3న వరదకు తోడు అక్కడి పెట్రోలు బంకు పేలి 150 మందికి పైగా చనిపోయారు. జూన్ వానలో అక్రా పల్లపు వీధుల్లో కారు ఆగిపోతే అందులో కూర్చోకుండా దిగి మిట్టకు చేరండి.

నీళ్లు

ఎల్మినా కోట చూడాల్సిందే. 1482లో పోర్చుగీసువారు కట్టింది, బానిసలుగా అమ్మిన మనుషులను ఓడ ఎక్కించిన ద్వారం ఇంకా అక్కడ ఉంది. కోట చూసి బయటికి వచ్చాక సముద్రం పిలుస్తుంది. గల్ఫ్ ఆఫ్ గినీ తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు బలమైనవి. రామకృష్ణా బీచిలో మోకాళ్ల లోతున నిలబడ్డ అనుభవంతో ఇక్కడ దిగవద్దు. ప్రవాహం లాగితే ఒడ్డుకు ఎదురీదకుండా, తీరానికి సమాంతరంగా ఈది దాని పట్టు నుంచి బయటపడాలి. చీకటి పడ్డాక బీచిలో నడక కూడా వద్దు, అది దోపిడీల చోటు.

వోల్టా సరస్సులో, చెరువుల్లో ఈత కొడితే చర్మం గుండా బిల్‌హార్జియా పురుగు ఒంట్లోకి చేరవచ్చు. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్టు ఉందో లేదో చూడండి. 1965లో అకోసోంబో ఆనకట్ట కట్టినప్పుడు మునిగిన అడవి మోళ్లు నీటి కింద ఇంకా ఉన్నాయి, కిక్కిరిసిన పడవలు వాటికి తగిలి తిరగబడ్డాయి.

చట్టంతో చిక్కులు, బంగారంతో మరీ

సైన్యం దుస్తుల మచ్చల గుడ్డ మామూలు మనిషి వేసుకోవడం నేరం. ఆ రంగు ప్యాంటు, టోపీ ఇంట్లో వదిలేయండి. విమానాశ్రయం, సైనిక స్థావరాలు, అధ్యక్ష భవనం జూబిలీ హౌస్ ఫొటోలు తీయవద్దు. స్వలింగ సంబంధాలు అక్కడి చట్టం ప్రకారం నేరం, డేటింగ్ యాప్‌ల ద్వారా పిలిపించి దోచుకోవడం గురించి పత్రాల్లో ప్రత్యేకంగా హెచ్చరించారు.

ఇక బంగారం. ఘనా ఆఫ్రికాలో బంగారం ఎక్కువగా తీసే దేశం, మన ఇళ్లలో బంగారం మీద మోజు మీకు తెలిసిందే. ఈ రెంటి మధ్య మోసగాడి సంసారం చక్కగా సాగుతుంది. "గ్రామంలో దొరికింది, మార్కెట్టు కంటే చవక, సుంకం కడితే చాలు" అని మొదలవుతుంది. పెట్టె చూపిస్తారు, పరీక్ష చేయిస్తారు, కాగితాలు చూపిస్తారు. పరీక్ష చేసేవాడూ, కాగితాలిచ్చే "అధికారీ" వాళ్లే. కట్టిన కొద్దీ కొత్త రుసుము పుడుతుంది. చిన్న తరహా గనులు 2006 చట్టం ప్రకారం ఘనా పౌరులకే. 2025లో ఏర్పడిన ఘనా గోల్డ్ బోర్డు (గోల్డ్‌బాడ్) అనే ప్రభుత్వ సంస్థ, విదేశీయులు స్థానిక బంగారం మార్కెట్టు నుంచి తప్పుకోవాలని ఆదేశించింది. కాబట్టి మీకు చవకగా అమ్ముతానన్నవాడు మోసగాడైనా కావాలి, మిమ్మల్ని నేరంలోకి లాగుతున్నవాడైనా కావాలి. గలమ్‌సే అని పిలిచే అక్రమ గనుల దగ్గరికి ఫొటో కోసమైనా వెళ్లవద్దు.

ఏదైనా జరిగితే

అన్ని అత్యవసరాలకూ 112. పోలీసులకు 191, అంబులెన్సుకు 193. అంబులెన్సు వచ్చేదాకా ఆగకుండా దగ్గర ఉన్న కారులో తీసుకెళ్లడమే చాలాసార్లు త్వరగా అవుతుంది. మీ ఇంటికి దగ్గరలో రాత్రి తెరిచి ఉండే ఆసుపత్రి ఏదో మొదటి వారంలోనే ఒకసారి వెళ్లి చూసి రండి. దోపిడీ ఎదురైతే ఫోను, పర్సు ఇచ్చేయండి. పాస్‌పోర్టు పోతే పోలీసు రిపోర్టు తీసుకున్నాకే హైకమిషన్‌కు వెళ్లాలి. జీతం ఎగవేత, పాస్‌పోర్టు లాక్కోవడం వంటి ఫిర్యాదులను విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో నమోదు చేయవచ్చు, భారత్ నుంచి మీ ఇంటివారు కూడా చేయవచ్చు.

ఇంటివారితో ఒక ఒప్పందం చేసుకోండి. ఊరు మారిన ప్రతిసారీ ఒక సందేశం: ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ బండిలో, ఎన్ని గంటలకు చేరతాను. ఆ మాలీ వార్త తర్వాత మా అమ్మతో నేను చేసుకున్న ఒప్పందం ఇదే. ఇప్పుడు ఆమె టీవీ చూసి ఫోను చేయదు, "చీకటి పడకముందే చేరావా నాన్నా?" అని అడుగుతుంది.

తిరిగి వచ్చాక

మలేరియా మాత్రలు మొదలుపెట్టి ఉంటే, వచ్చాక వేసుకోవాల్సినవి పూర్తి చేయండి. ఇంటికొచ్చిన వెంటనే చాలామంది మానేసేది అవే. ఆ తర్వాత ఏడాదిలోపు ఎప్పుడు జ్వరం వచ్చినా డాక్టరుతో మొదటి మాటగా "ఘనా నుంచి వచ్చాను" అని చెప్పి మలేరియా పరీక్ష అడగండి. మనూళ్లో వానాకాలం జ్వరమంటే ముందుగా డెంగ్యూ, టైఫాయిడ్ వెతుకుతారు. మీరు చెప్పకపోతే ఆయనకు తెలిసే దారి లేదు.

ఎల్లో ఫీవర్ పసుపు కార్డు మాత్రం పారేయకండి. పాస్‌పోర్టు కొత్తది తీసుకున్నా కార్డు పాతదే చెల్లుతుంది.